నీ చీలమండ సంగతి

వసూ,

ఫోన్లో చెబుదామనుకున్నాను. కానీ నువ్వు అసలు విషయం వచ్చేసరికి "ఉండవే, కుక్కర్ విజిలేసింది" అని లేచిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. దీన్ని మధ్యలో వదిలేసి వెళ్ళినా మళ్ళీ వచ్చి చదువుకోవచ్చు.

నా మోకాలు మళ్ళీ మొదలెట్టింది. మెట్లు దిగుతుంటే కలుక్కుమంటోంది. వారం రోజులు మంచం దిగొద్దన్నారు. పడుకుని ఏం చేస్తాను, టీవీలో పాత సినిమాలు వెతుక్కుంటుంటే 'ఝనక్ ఝనక్ పాయల్ బాజే' కనిపించింది. గుర్తుందా? తెనాలిలో మీ ఇంట్లో, ఆదివారం సాయంత్రం దూరదర్శన్‌లో చూశాం. మీ నాన్నగారు యాంటెన్నా తిప్పుతూ డాబా మీద నుంచి "వచ్చిందా?" అని అరుస్తుంటే మనం కింద నుంచి "ఇంకొంచెం, ఇంకొంచెం" అని అరిచేవాళ్ళం. మీది బ్లాక్ అండ్ వైట్ టీవీ కాబట్టి ఆ సినిమా అసలు గొప్పదనమే మనకి తెలియలేదు పాపం. అది 1955లో టెక్నికలర్‌లో తీసిన సినిమా!

ఇప్పుడు చూస్తే ఆ రంగులకి కళ్ళు బైర్లు కమ్మాయనుకో. ఎరుపంటే కుంకుమ ఎరుపు, పసుపంటే పెళ్ళిపందిరి పసుపు. మా అమ్మాయి అటుగా వెళుతూ "పెయింట్ డబ్బాలన్నీ ఎవరో తన్నేశారా అమ్మా?" అంది. నవ్వాను గానీ, సినిమా తీసిన దర్శకుడు శాంతారాం మీద నాకు జాలేసింది. ఆయన ప్రభాత్ అనే సినిమా కంపెనీలో ఉన్నప్పుడే, 1933లో, 'సైరంధ్రి' అనే సినిమాకి రంగులద్దించాలని జర్మనీ దాకా పంపించాడు. అనుకున్నట్టు రాలేదు. ఇరవై రెండేళ్ళు కడుపులో దాచుకున్న ముచ్చట కదా, ఈసారి ఒలకబోశాడు. అన్నట్టు ఆ ప్రభాత్ స్టూడియో ఉన్న చోటే ఇప్పుడు మీ పుణేలో లా కాలేజీ రోడ్డు మీద ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. నువ్వు రోజూ దాని ముందు నుంచే ఆటోలో పోతుంటావేమో, ఎప్పుడైనా తల తిప్పి చూశావా?

కథ నీకు లీలగా గుర్తుండే ఉంటుంది. మంగళ్ మహరాజ్ అని పెద్ద కథక్ గురువు, ఆయన కొడుకు గిరిధర్. డబ్బున్న ఇంటి పిల్ల నీల తనకి నాట్యం వచ్చనుకుని గంతులేస్తుంటే, అసలు నాట్యమంటే ఏమిటో వీళ్ళు చూపిస్తారు. ఆ పిల్ల శిష్యురాలైపోతుంది. జోడీగా సాధన చేస్తూ చేస్తూ ఇద్దరూ ప్రేమలో పడతారు. గురువుగారికి అది తెలిసి అగ్గిమీద గుగ్గిలమవుతాడు. కళ అంటే తపస్సు, మధ్యలో ప్రేమేమిటని.

గిరిధర్‌గా వేసిన గోపీకృష్ణకి అప్పటికి ఇరవై ఏళ్ళు. వసూ, ఇరవై! సినిమాకి నాట్యం కూర్చిందీ ఆయనే. పేరున్న కథక్ నర్తకి సితారా దేవికి అక్క కొడుకు, పుట్టడమే కథక్ ఇంట్లో పుట్టాడు. తర్వాతెప్పుడో ఆపకుండా 9 గంటల 20 నిమిషాలు నాట్యం చేసి రికార్డు పెట్టాడట. నేను తొమ్మిది నిమిషాలు నిలబడితే ఐస్ పెట్టుకోవాలి. మన 'సాగరసంగమం' నృత్య దర్శకుల్లో కూడా ఈయన ఒకరు. ఎన్నిసార్లు చూశాం ఆ సినిమా, టైటిల్స్‌లో ఆ పేరు మీద ఒక్కసారీ మన కళ్ళు ఆగలేదు.

కానీ నేను కళ్ళార్పకుండా చూసింది ఆయన్ని కాదు, నీలగా వేసిన సంధ్యని. ఆమెకి ముందు కథక్ రాదు. ఈ సినిమా కోసమే ఆ గోపీకృష్ణ దగ్గరే నేర్చుకుంది. అంటే కథలో జరుగుతున్నదే తెర వెనకా జరిగిందన్నమాట! ఆయన చక్కర్లు తిరుగుతుంటే గాలి తిరిగినట్టుంటుంది. లెక్క ఆయన ఒంట్లో ఎప్పుడో ఇంకిపోయింది. ఆమె తిరుగుతుంటే మాత్రం లెక్కపెడుతున్న మనిషి కనిపిస్తుంది. మన నాట్యంలో జతి ముగించే తీర్మానం లాంటిదే వాళ్ళకి తిహాయి, మూడుసార్లు తిప్పి సమ్ మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద పడాలి. అక్కడ పడిన మరుక్షణం ఆమె మొహంలో ఒక చిన్న 'హమ్మయ్య' ఉంటుంది, చూడు. అభినయం కాదది. అరంగుళం నవ్వు ఎక్కువొచ్చి, వెంటనే సర్దుకుంటుంది. సంధ్య నటనని "అతి" అని వెక్కిరించేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ కనుబొమలు అతే, నేనూ కాదనను. కానీ ఆ హమ్మయ్యని మటుకు నేను వదులుకోను. మన డాన్సు మాస్టారు "ఊఁ" అన్నప్పుడు నీ మొహమూ నా మొహమూ అలాగే ఉండేవి కదా.

సంగీతం వసంత్ దేశాయ్‌ది. టైటిల్ పాట ఉస్తాద్ అమీర్ ఖాన్ అడాణా రాగంలో పాడాడు. ఆ గొంతు అలా పైకి లేస్తుంటే నేను మోకాలి సంగతి మర్చిపోయి లేచి కూర్చున్నాను. ఒక సన్నివేశానికి నేపథ్య సంగీతం కూర్చింది శివకుమార్ శర్మట, సంతూర్ వాయించే ఆయనే. అప్పటికి టీనేజ్ కుర్రాడు. అందరూ పిల్లలే ఆ సినిమాలో, గురువుగారు తప్ప.

ఇక నాకు మండిన చోటు చెప్తాను. తన వల్ల గిరిధర్ సాధన చెడుతోందని నీల ఏం చేస్తుందో గుర్తుందా? మణిలాల్ అనే డబ్బున్నవాడి మీద మనసు పడ్డట్టు నటిస్తుంది. గిరిధర్ తనని అసహ్యించుకోవాలని. ఆ తర్వాత నదిలో దూకడం, ఎవరో సాధువు రక్షించడం, మీరాబాయిలా తెల్లచీర కట్టుకుని 'జో తుమ్ తోడో పియా' అని తిరగడం. లత పాడితే ఏడుపొచ్చింది, అది వేరే సంగతి. చివరికి పోటీ రోజున గిరిధర్‌కి జోడీగా నాట్యం చేయాల్సిన అమ్మాయి చేతులెత్తేస్తే, మళ్ళీ ఈ నీలే వచ్చి ఆడి గట్టెక్కిస్తుంది. బిరుదేమో ఆయనకి! జోడీ లేకపోతే ఆడలేని నాట్యానికి బిరుదు ఒక్కడికే ఎలా ఇస్తారే? ఫిల్మ్‌ఫేర్ వాళ్ళు ఉత్తమ చిత్రమన్నారు, శాంతారాంని ఉత్తమ దర్శకుడన్నారు. ఈ ముక్క ఎవరూ అడిగినట్టు లేదు.

అలా తిట్టుకుంటూ చూస్తున్నానా, నీల అబద్ధమాడే ఘట్టం దగ్గర చటుక్కున నువ్వు గుర్తొచ్చావు.

పదో తరగతి సెలవుల్లో మన క్లాసు వాళ్ళ భామాకలాపం. సత్యభామ ఒక్కతే. నీకొచ్చు, నాకొచ్చు. నిజం చెప్పాలంటే జడ పట్టుకుని నడిచే ఆ నడక నాకంటే నీకే బాగా వచ్చేది. మాస్టారు సోమవారం చూసి చెప్తానన్నారు. సోమవారం నువ్వు కుంటుకుంటూ వచ్చి "చీలమండ బెణికింది మాస్టారూ" అన్నావు. చీలమండకి పసుపూ సున్నం పట్టు కూడా వేసుకొచ్చావు. వేషం నాకొచ్చింది. మా అమ్మ అందరికీ పూర్ణాలు పంచింది. నువ్వు కూడా మూడు తిన్నావు.

ముప్ఫై ఏళ్ళకి ఈ మంచం మీద లెక్కేసుకుంటే తేలిందేమిటంటే, ఆ సోమవారం సాయంత్రమే మీ పెరట్లో జామచెట్టెక్కి నాకు దోరకాయలు కోసిచ్చావు. పైకొమ్మకి. నేను కింద పమిట పట్టుకుని నిలబడ్డాను. ఆ కాయ మీద నీ చేతి పసుపు అంటుకుని ఉంటే తుడుచుకుని తిన్నాను కూడా. అప్పుడు నా బుర్రకి తట్టలేదు చూశావా! సత్యభామనైపోయాను కదా, కాళ్ళు నేల మీద ఉంటేగా.

ఆ తర్వాత నేను చేసిందేముంది? ఇంకో రెండు ప్రోగ్రాములు, డిగ్రీ, పెళ్ళి. గజ్జెల పట్టీ తోలు ఎండి పగిలిపోయింది, మువ్వలు ఊడితే మా అమ్మాయి బొమ్మలకి కట్టింది. నువ్వు నా కోసం నదిలో దూకలేదు కాబట్టి బతికిపోయాను గానీ లేకపోతే ఆ పాపం కూడా నాకే చుట్టుకునేది.

జూన్‌లో వస్తానన్నావు. వచ్చేటప్పుడు మీ ఆయనకి ఇష్టమైన మాగాయ తీసి ఉంచుతాను, నీకు పూర్ణాలు. ఈలోగా దీనికి జవాబు రాయి. ఫోన్ చెయ్యకు, ఫోన్లో నవ్వి తప్పించుకుంటావు. ఏ కాలో కూడా రాయి, ఎందుకంటే నాకు ఎడమకాలికి పట్టు వేసుకున్నట్టే గుర్తు, కానీ నువ్వు కుంటింది మాత్రం కుడికాలు.

నీ
పద్మ