పుట్టువెంట్రుకలు తీయించేలోపు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

వచ్చే నెల తిరుమలలో బుజ్జిగాడికి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నామని, ఆలోపు మంచి ఫోటోగ్రాఫర్‌ను పిలిచి ఫోటోలు తీయించాలని ఉందని, ఫోనులో బోలెడు ఉండగా ఇంత ఖర్చు దేనికని అల్లుడు గారు అంటున్నారని చెప్పావు. తీయించు తల్లీ. ఆ ఫోనులో ఉన్నవాటిలో నువ్వెక్కడున్నావు? ఎప్పుడూ తీసేది నువ్వే కాబట్టి వాడి పక్కన నువ్వు లేవు. మీ నాయనమ్మ వాడిని ఒడిలో కూర్చోబెట్టుకున్న ఫోటో సరైనది ఒక్కటీ లేదు. ఆవిడకు ఎనభై దాటాయి. చెవుల మీదికి పడే వాడి ఉంగరాల జుట్టు ఇక నెల రోజులే.

ఎవరిని పిలవాలన్నదే అసలు సంగతి. కెమెరా ఖరీదు అడగవద్దు. ఇన్‌స్టాగ్రామ్ చూసి తేల్చుకోవద్దు, అక్కడ పెట్టేవి ఏరి పెట్టినవి. ఏదో ఒక కుటుంబానికి ఇచ్చిన ఆల్బమ్ మొదటి పేజీ నుంచి చివరి దాకా చూపించమను. పిల్లవాడి కళ్ల ఎత్తు నుంచి తీసినవి ఎన్ని, నిలబడి పైనుంచి తీసినవి ఎన్ని చూడు. నేల మీద కూర్చోవడానికి బద్ధకించేవాడు పసిపిల్లల ఫోటోలకు పనికిరాడు. పిల్లవాడు ఏడుపు అందుకుంటే ఏం చేస్తారని అడుగు. పాలు పట్టి తీసుకురండి, ఆగుతాం అనేవాళ్లను పిలువు. గడియారం చూసుకుంటూ గంటల లెక్క చెప్పేవాళ్లను వదిలేయి.

రాజా దీన్ దయాళ్ పేరు వినే ఉంటావు, ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్. పరదా పాటించే స్త్రీలు మగవాళ్ల కెమెరా ముందుకు రాలేరని, 1892లో ఆయన హైదరాబాదులో వారికోసమే జనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యత ఒక ఐరోపా మహిళకు అప్పగించారు. ఎదుట కూర్చునేవాళ్ల బెరుకు పోగొట్టడం కూడా తన పనిలో భాగమేనని అంత పెద్ద మనిషి అనుకున్నారు. మన బుజ్జిగాడికి కొత్త మొహం చూస్తేనే బెరుకు. అందుకే స్టూడియో వద్దు, ఇంటికే రప్పించు. వచ్చినవాళ్లు కెమెరా సంచిలోనే ఉంచి కాసేపు వాడితో ఆడాలి.

మీ హాలులో బాల్కనీ వైపు ఉదయం వెలుతురు చాలు. ట్యూబులైట్లు ఆర్పేయి. రెండు రకాల వెలుతురు కలిస్తే ఒంటి రంగు ఒక పక్క ఒకలా, మరో పక్క ఇంకోలా వస్తుంది. వాడు నిద్ర లేచి, కడుపు నిండాక మొదలుపెట్టండి. అందరి వీలూ దాని తరువాతే. పట్టుకుని నడిచే పిల్లవాడు ఒక చోట ఉండడు, కెమెరా షట్టరు సెకనులో 250వ వంతు కంటే ఎక్కువసేపు తెరిచి ఉంటే చేతులు అలికినట్లు పడతాయి. పని తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర లేదు. బుట్టలో కూర్చోబెట్టడం, రెక్కలు తగిలించడం వద్దు, మెత్తని నూలు చొక్కా చాలు. కృష్ణుడి వేషం మాత్రం ఒక్కసారి వేయండి, మీ అమ్మ ఎప్పటినుంచో ముచ్చటపడుతోంది.

నీ ఆడపడుచుకు నెలలు నిండాయి కదా, ఆమెకూ ఒక మాట చెప్పు. పురిటి బిడ్డ రెండు చేతుల మీద గడ్డం ఆనించి నిద్రపోతున్నట్లు ఫోటోలు వస్తున్నాయి, చూశావా? అది ఒక్క ఫోటో కాదు. ఒకసారి తల పట్టుకుని, ఇంకోసారి చేతులు పట్టుకుని తీసి, పెద్దవాళ్ల చేతులు కనబడకుండా కంప్యూటర్‌లో రెండూ కలుపుతారు. మెడ నిలవని బిడ్డను నిజంగానే అలా కూర్చోబెట్టబోతే అక్కడికక్కడే ఆపేయమను.

ఇక కాగితం సంగతి. కోర్టులో పనిచేసినవాడిని, ఇది చెప్పకుండా ఉండలేను. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదే, వేరే ఒప్పందం లేకపోతే. అమెరికాలో ఉన్న మీ అన్నయ్యకు ఇది వర్తించదు, అక్కడ మామూలుగా హక్కు తీసినవాళ్లకే ఉంటుంది. కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందు వాళ్ల కాగితం పూర్తిగా చదువు. హక్కు వాళ్లదేనని రాసి ఉంటే కొట్టేయించు. నిన్ను అడగకుండా పిల్లవాడి ఫోటోలు ఎక్కడా పెట్టకూడదని రాయించు. ఎన్ని ఫోటోలు ఇస్తారో, పూర్తి సైజు ఫైళ్లు ఏ తేదీకి ఇస్తారో కూడా అందులోనే ఉండాలి. వాట్సాప్‌లో మామూలు ఫోటోలుగా పంపిస్తే సరిపోదు, అందులో సైజు తగ్గిపోతుంది.

రోజు ఖాయం కాగానే ఫోను చేయి. ముందు రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నాయనమ్మను తీసుకుని వస్తాం. ఆవిడ ఎక్కువసేపు కూర్చోలేదు కాబట్టి మొదటి ఫోటోలు ఆవిడతోనే తీయించాలి. పన్నెండు అంగుళాల ప్రింట్లు మాకు ఒక జత వేయించు, డబ్బు నేనిస్తాను. అల్లుడు గారికి నా మాటగా చెప్పు.

ఇట్లు,
మీ నాన్న