పాత పెట్రోల్ ట్రాలీలకు విద్యుత్ కిట్లు: తెలంగాణ రవాణా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

2020 నాటి రాష్ట్ర విద్యుత్ వాహన విధానం పాత ప్యాసింజర్ ఆటోలను విద్యుత్‌కు మార్చుకునేవారికి, మొదటి 5,000 వాహనాల వరకు, గరిష్ఠంగా రూ. 15,000 ప్రోత్సాహకం ప్రకటించింది. కూరగాయలు, నీళ్ల క్యాన్లు మోసే పాత పెట్రోల్ ట్రాలీలకూ (మూడు చక్రాల సరుకు ఆటోలకూ) దాన్ని వర్తింపజేయాలని మనవి. పగలంతా ఊళ్లోనే తిరిగి రాత్రికి ఇల్లు చేరే ఈ బండ్లకు చిన్న బ్యాటరీ చాలు. ఛాసిస్ గట్టిగా ఉండి ఇంజిన్ మాత్రమే అరిగిన బండిని తుక్కుకు పంపడం బాధాకరం. బ్యాటరీ బరువు వల్ల మోయగల సరుకు తగ్గుతుంది, బ్రేకులపై భారం మారుతుంది కనుక, ఇలాంటి మార్పిడి కిట్ల కోసం దేశంలో ఉన్న ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం ఆమోదం పొందిన కిట్‌నే (ఇంజిన్ స్థానంలో పెట్టే మోటారు, బ్యాటరీల సెట్టునే) బిగించాలన్న నిబంధన న్యాయమైనదే. ఆ కిట్ల జాబితాను, ఆర్సీలో ఇంధన మార్పు నమోదు చేయించుకునే పద్ధతిని ప్రతి ఆర్టీవో కార్యాలయంలో తెలుగులో, ఉర్దూలో ప్రదర్శించండి.

భవదీయుడు,
ఒక ట్రాలీ యజమాని