జంతికల ధర పెంచుతున్నాం, తూకం తగ్గించడం లేదు

వచ్చే నెల 1 నుంచి నూనెలో వేగే పిండివంటలన్నిటికీ కిలోకు 15 రూపాయలు పెరుగుతుంది. సున్నుండలు, కారప్పొడుల ధర మారదు. పావు కిలో ప్యాకెట్‌ను 220 గ్రాములకు దించి పాత ధరకే అమ్మే ఉపాయం మాకూ తెలుసు. ఆ పని చేయడం లేదు.

15 ఎందుకంటే, కిలో జంతికలు పావు కిలో నుంచి 300 గ్రాముల దాకా నూనె తాగుతాయి. నూనె కిలోకు 40 పెరిగితే జంతికల మీద 12 పడుతుంది. మూకుడులో మిగిలి పారేసే నూనెకు ఇంకో 3.

"సన్‌ఫ్లవర్ పెరిగితే పామోలిన్ (పామాయిల్ నుంచి తీసే నూనె) వాడొచ్చుగా" అని అడుగుతున్నారు. అందరూ అదే చేస్తారు, చిక్కంతా అక్కడే. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, సోయా అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచి, సన్‌ఫ్లవర్ ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి వస్తుంది. ముడినూనె కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో దిగి అక్కడి రిఫైనరీల్లో శుద్ధవుతుంది. 2022 ఫిబ్రవరిలో యుద్ధంతో ఉక్రెయిన్ రేవులు మూతపడగానే కొనేవాళ్లంతా పామాయిల్ మీద పడ్డారు. తన జనానికే నూనె ప్రియమైందని ఇండోనేషియా ఏప్రిల్ 28న ఎగుమతి ఆపేసింది, మే 23న మళ్లీ తెరిచింది. ఆ నిషేధం నెల రోజులైనా లేదు, అయినా అన్ని నూనెలూ కలిసే ఎగబాకాయి. పైగా ఆ దేశం 2025 నుంచి డీజిల్‌లో 40 శాతం పామాయిల్ బయోడీజిల్ కలుపుతోంది. మన మూకుడుకు ఇప్పుడు అక్కడి లారీ ట్యాంకుతో పోటీ.

దిగుమతి సుంకం మాటా చెప్పాలి. 2024 సెప్టెంబరులో ముడి పామ్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద మొత్తం సుంకం 5.5 శాతం నుంచి 27.5కు పెరిగింది. 2025 మే చివర్లో 16.5కు తగ్గింది. పెంచిన రోజే డబ్బా ధర మారుతుంది, తగ్గించినప్పుడు మాత్రం "పాత సరుకు అయిపోవాలండీ" అంటారు టోకు వ్యాపారులు. ఏలూరు, అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటలు పెరుగుతున్నాయి, సంతోషమే. కానీ మొక్క నాటాక గెల చేతికి రావడానికే నాలుగేళ్లు.

మా చేతిలో ఉన్నది పిండి తాగే నూనెను తగ్గించడం. కిలో పిండికి 50 గ్రాముల వెన్న మించితే జంతిక గుల్లగానే వస్తుంది కానీ మూకుడులో విరిగి, నూనె పీల్చేస్తుంది. పిండి జారుగా ఉన్నా అంతే. నూనె 170–180 డిగ్రీల మధ్య ఉండాలి. మూకుడు నిండా ఒక్కసారే ఒత్తితే వేడి 150కి పడిపోయి, పైపొర గట్టిపడేలోగా నూనె లోపలికి దిగుతుంది. చాలామందికి తెలియనిది ఇంకోటుంది: నూనె ఎక్కువగా ఇంకేది వేగుతున్నప్పుడు కాదు, తీశాక. లోపలి ఆవిరి చల్లబడుతూ పైనున్న నూనెను లోపలికి లాగుతుంది. అందుకే తీసేటప్పుడు మంట తగ్గించకుండా, వేడివేడిగానే జల్లెడలో నిలబెట్టి వడకట్టాలి. పళ్లెంలో గుట్ట పోస్తే అడుగువి నూనెలో నానినట్టే.

వాడిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె మళ్లీ మళ్లీ కాగి చెడినప్పుడు పుట్టేవి) 25 శాతం దాటితే ఇక వాడకూడదన్నది 2018 జులై నుంచి ఉన్న నిబంధన. మీటరుతో రోజూ చూస్తాం, దాటితే బయోడీజిల్‌కు సేకరించేవారికి ఇస్తాం. అడుగున మాడిన పిండి ఉంటే నూనె ఇంకా త్వరగా చెడుతుంది, కాబట్టి ప్రతి వాయికీ చిల్లుల గరిటెతో దేవాల్సిందే.

ఒక మార్పు దాచకుండా చెబుతున్నాం. బూందీ, కారప్పూస ఇకపై పామోలిన్‌లోనే వేయిస్తాం, లేబుల్ మీద ఆ పేరే ఉంటుంది. పామోలిన్ విషమేమీ కాదు, వేపుడు వేడికి సన్‌ఫ్లవర్ కన్నా బాగా ఆగుతుంది. అయితే అందులో సంతృప్త కొవ్వు ఎక్కువ, చలికాలంలో నాలుకకు కాస్త మైనంలా తగులుతుంది. జంతికలు, చేగోడీలు వేరుశనగ నూనెలోనే. బూందీ కూడా వేరుశనగ నూనెలోనే కావాలంటే రెండు రోజుల ముందు చెప్పండి. కనీసం 3 కిలోలైతే వేరే మూకుడు పెడతాం, కిలోకు ఎంత తేడా పడుతుందో ఆర్డరు రాసేటప్పుడే చెబుతాం.