పక్షుల్ని లెక్కపెడితే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఏటా జనవరిలో మన చిలికా సరస్సులో పక్షుల లెక్కింపు జరగ్గానే పేపర్లో ఫొటోతో సహా వార్త వస్తుంది. ఎన్ని లక్షలు వచ్చాయి, నిరుటికంటే పెరిగాయా తగ్గాయా అని. నేనూ ఇష్టంగానే చదువుతాను. అయితే ఆ పక్షుల ఒంట్లో ఏముందన్న మాట మాత్రం ఆ వార్తల్లో ఇంతవరకు చూడలేదు.

మాది గంజాం జిల్లాలో, గోపాల్‌పూర్ పక్కన తెలుగు జాలరి ఊరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను దాటిన రెండో రోజున ఒడ్డు మీద ఒక పిట్ట దొరికింది. వీపు నలుపు, పొట్ట తెలుపు, తోక చీలిక. మా నాన్న చూసి "ఇది ఒడ్డు పిట్ట కాదురా, లోపలి సముద్రంది" అన్నారు. తర్వాత పుస్తకంలో వెతికితే సూటీ టెర్న్ అని తేలింది. ఎగరడం వచ్చాక కొన్నేళ్లపాటు నేల మీద వాలకుండా సముద్రం మీదే బతికే పక్షి అది. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు, రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది. సాయంత్రానికి చచ్చిపోయింది. ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే పాతిపెట్టేయమన్నారు. పాతిపెట్టాం.

అప్పుడు దాన్ని ఆకలి చావే అనుకున్నాను. ఇప్పుడు అంత తేలిగ్గా అనుకోలేకపోతున్నాను. డీడీటీ, పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో వాడిన పీసీబీల్లాంటి రసాయనాలు నీళ్లలో కరగవు, కొవ్వును పట్టుకుంటాయి. ఇంగువ కట్టిన గుడ్డలా ఏళ్లు గడిచినా వదలవు. నాచులోంచి చిన్న చేపకి, దాన్నుంచి పెద్ద చేపకి, అక్కణ్ణుంచి పిట్టకి వెళ్లేకొద్దీ చిక్కబడతాయి. తిండి దొరికినన్నాళ్లూ కొవ్వులో దాగి ఉంటాయి. తుపానులో పక్షి పస్తులుండి ఆ కొవ్వు కరిగిందంటే ఒక్కసారిగా రక్తంలోకి దిగుతాయి. తల్లిపక్షి ఒంట్లో ఉన్నదాంట్లో కొంత గుడ్డులోకీ పోతుంది.

ఇదేం కొత్త సంగతి కాదు. 1960ల్లోనే అంటార్కిటికా పెంగ్విన్ల కొవ్వులో డీడీటీ బయటపడింది. అక్కడ దాన్ని చల్లిన రైతు ఎవరూ లేడు. 1970లో కాలిఫోర్నియా దగ్గర అనకాపా దీవిలో గూడబాతులు వందల గూళ్లు కడితే బతికింది ఒక్క పిల్ల. డీడీటీ వల్ల గుడ్ల పెంకు పలచబడి, పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే చితికిపోయాయి.

మనమేం తక్కువ తినలేదు. ఎండుచేపల మీద ఈగలు ముసరకుండా గమాక్సిన్ అనే పురుగుమందు పొడి చల్లడం చిన్నప్పుడు నా కళ్లతో చూశాను, ఆ చేపలే మేమూ తిన్నాం. సాగులో డీడీటీ వాడకాన్ని మన దేశం 1989లో ఆపేసింది. మలేరియా కోసం ఇళ్లలో చల్లడానికి మాత్రం ఉంచుకుంది. కొరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో మలేరియా ఎలా పీల్చి పిప్పి చేసేదో తెలిసినవాణ్ణి కనుక, దాన్ని రేపటి నుంచే మానేయమని నేను అనను. ఈ మొండి రసాయనాల మీద స్టాక్‌హోం ఒప్పందాన్ని మన దేశం 2006లో ఆమోదించింది. ఆ ఒప్పందం కూడా రోగాల నివారణ కోసం డీడీటీకి వెసులుబాటు ఇచ్చింది. అదే ఒప్పందంలో చెత్త తగలబెట్టినప్పుడు పుట్టే డయాక్సిన్లు అనే విషాలూ ఉన్నాయి. సాయంత్రం పూట గోపాల్‌పూర్ బీచ్ వెనక ప్లాస్టిక్ పొగ పీల్చేవాళ్లకు ఆ సంగతి ఎవరు చెప్పారు?

నేను అడిగేది పెద్ద ఖర్చయ్యే పని కాదు. కెనడా 1975 నుంచి ఆర్కిటిక్‌లోని ప్రిన్స్ లియోపోల్డ్ దీవిలో సముద్రపక్షుల గుడ్లను సేకరించి పరీక్షిస్తోంది. నిషేధాల తర్వాత పాత పీసీబీలు, డీడీటీ తగ్గుతున్నాయని ఆ గుడ్లే చెప్పాయి. గుడ్డు ముట్టుకోవడం ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది. పక్షి తోక మొదట్లో ఈకలకు పూసుకునే నూనె గ్రంథి ఉంటుంది. జపాన్‌లో హిదెషిగె తకాదా అనే ప్రొఫెసర్ బృందం ఆ నూనెను కాస్త తుడిచి తీసుకుని, పక్షిని చంపకుండానే అందులో పీసీబీలను, ప్లాస్టిక్‌లో కలిపే రసాయనాలను కొలిచింది. చిలికాలో పక్షుల్ని పట్టి కాళ్లకు రింగులు తొడుగుతూనే ఉన్నారు కదా. ఎలాగూ చేతిలో ఉన్న పక్షిని ఒక్కసారి తుడవడానికి ఎంతసేపు? తుపాను తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపక్షిని పాతిపెట్టమనే బదులు ఐస్‌పెట్టెలో పెట్టి పంపమంటే మా కుర్రాళ్లు తీసుకెళ్లి ఇస్తారు. ఐస్‌కి మాకేం కరువు లేదు.

పరీక్ష చేసే చోటు కోసం వెతుక్కోనక్కర్లేదు. జూలాజికల్ సర్వే వాళ్ల కేంద్రం గోపాల్‌పూర్‌లోనే ఉంది, బరంపురం యూనివర్సిటీలో సముద్ర విజ్ఞాన విభాగం ఉంది.

పిట్టలు దిగుతున్న చోటే వల వేయమని మాకు పెద్దలు నేర్పారు. కింద కవళ్ల చేపల గుంపు ఉంటుందని వాటికి మనకంటే ముందు తెలుస్తుంది. అవి తిన్న చేపే మా వలలోకీ, అక్కణ్ణుంచి బరంపురం బజారుకీ వస్తుంది. అందుకే ఈ పరీక్ష పక్షి ప్రేమికుల ముచ్చట అని నేను అనుకోను.

ఇంకొక్కటి. ఫలితాలు వస్తే ఒడియాలో, ఇంగ్లీషులో వెబ్‌సైట్‌లో పెట్టి ఊరుకుంటారేమోనని నా అనుమానం. ఇక్కడ వేటకు వెళ్లేవాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. బోట్లు ఆగే చోట తెలుగులో ఒక బోర్డు పెట్టాలి. పక్షులకు ఈ పరీక్ష చేయిస్తారా అని అటవీ శాఖవారిని అడిగి, వాళ్లు చెప్పిన జవాబు అచ్చువేయమని మీ బరంపురం విలేఖరిని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గోపాల్‌పూర్, గంజాం జిల్లా, ఒడిశా