నడిచే స్వాగత బొమ్మ గురించి అడ్వాన్సు ఇచ్చిన మా ఖాతాదారులకు వివరణ

గత శ్రావణంలో మా మాట నమ్మి ఒక్కొక్కరు 25,000 రూపాయల చొప్పున అడ్వాన్సు ఇచ్చిన ఏడుగురు ఖాతాదారులకూ, బొమ్మ ఎంతవరకు వచ్చిందని వారం వారం ఫోను చేసి అడుగుతున్న కల్యాణమండపాల వారికీ ఈ వివరణ రాస్తున్నాను. మండపం గుమ్మం నుంచి వేదిక దాకా అతిథి వెంట నడిచి వచ్చి పన్నీరు చల్లే నిలువెత్తు బొమ్మను మాఘమాసం ముహూర్తాలకు ఇస్తామని ఒప్పుకున్నాం. మాఘం పోయింది, వైశాఖం పోయింది, ఇప్పుడు ఆషాఢంలో ఉన్నాం. బొమ్మ నిలబడుతోంది, చేతులు జోడిస్తోంది, తల తిప్పి చూస్తోంది. కానీ ఈ ఏడాది మీ మండపంలో నడవదు.

ముందుగా కార్తీకంలో మేం మీకు పంపిన వీడియో సంగతి చెప్పాలి. అందులో బొమ్మ ఎనిమిది అడుగులు వేస్తుంది. అవి గ్రాఫిక్సు కావు, నిజంగా వేసిన అడుగులే. అయితే బొమ్మ వీపుకున్న కొక్కేనికి కట్టిన తాడు పైన చైన్ బ్లాకుకు, అంటే బరువులెత్తే గొలుసు కప్పీకి, వేలాడుతోందన్న సంగతి మీకు కనిపించలేదు, ఎందుకంటే తాడు కనబడని కోణంలో ఫోను పెట్టింది నేనే. పడితే పట్టుకోవడానికే తాడు ఉందని, అది బరువేమీ మోయడం లేదని అప్పట్లో మనస్ఫూర్తిగా అనుకున్నాను. సంక్రాంతి తరువాత మా తమ్ముడు ఆ తాడు మధ్యలో పాత ఇనుప సామాను కొనేవాళ్లు వాడే స్ప్రింగు కాటా తగిలించి చూశాడు. బొమ్మ ఒంటికాలి మీదికి వచ్చిన ప్రతిసారీ ముల్లు 14 కిలోల దాకా పోయింది. అంటే 46 కిలోల బొమ్మలో దాదాపు మూడో వంతు బరువును తాడే మోసింది. తాడు వదులు చేసిన రోజున బొమ్మ రెండో అడుగుకే పడిపోయింది. ఆ సంగతి ఆ రోజే మీకు చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు.

మేం పదకొండేళ్లుగా పందిళ్లకు కదిలే బొమ్మలు చేస్తున్నాం. చెవులు ఊపే వినాయకుడికైనా, గుమ్మం దగ్గర నమస్కారం పెట్టే అమ్మాయి బొమ్మకైనా ఒక కారు వైపరు మోటారు, ఒక క్రాంకు, ఒక టైమరు ఉంటే పని జరిగిపోతుంది. నడిపించగలమన్న ధైర్యం మాకు రెండేళ్ల కిందట చేసిన 40 సెంటీమీటర్ల చిన్న బొమ్మ వల్ల వచ్చింది. బొమ్మ విమానాలకు వాడే, చెప్పిన కోణానికి తిరిగి అక్కడే ఆగే సర్వో మోటార్లతో అది బల్ల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి తడబడకుండా నడిచింది. దాన్నే నాలుగింతలు చేస్తే మనిషంత అవుతుందని లెక్క వేసుకున్నాం. అయితే ఎత్తు నాలుగింతలైతే పొడవు, వెడల్పు, మందం మూడూ పెరుగుతాయి కనుక బరువు 64 ఇంతలవుతుంది. ఆ బరువు కీలుకు నాలుగింతల దూరాన ఉంటుంది కనుక కీలు కాచుకోవాల్సిన మెలి, అంటే దాన్ని తిప్పేసే బలం, 256 ఇంతలవుతుంది. ఈ లెక్క బడిపిల్లలకు కూడా వచ్చు. మాకు మోటార్లు కొన్నాక వచ్చింది.

బరువు తగ్గించడానికి ఎముకలను బోలు అల్యూమినియం ట్యూబులతో చేశాం. ఫైబరు తల తీసేసి, కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి చెక్కతో తల చెక్కించాం; తల బరువు మూడు కిలోల నుంచి కిలోకు దిగింది, ముఖంలో కళ కూడా వచ్చింది. అయినా మోకాలి దగ్గర లెక్క తేలలేదు. బొమ్మ ఒంటికాలి మీద మోకాలు కాస్త వంచి నిలబడినప్పుడు, మోకాలికి పైనున్న దాదాపు 40 కిలోల బరువు కీలుకు 15 సెంటీమీటర్ల వెనక పడితే, 40ని 15తో గుణించి, ఆ కీలు 600 కిలో-సెంటీమీటర్ల మెలిని ఆపాలి. చిన్న బొమ్మలో వాడిన సర్వో ఆపగలిగేది సుమారు 10. మోకాలు తిన్నగా బిగించి నిలబెట్టవచ్చు కదా అని మీలో ఒకరు అడిగారు. నిలబడడానికైతే సరే. నడిచేటప్పుడు కాలు పూర్తిగా చాచుకుపోతే నడుమును ఇంకాస్త పైకి జరపడానికి దారి మిగలదు, మోటార్లకు ఆజ్ఞలిచ్చే కంట్రోలరు లెక్క అక్కడ తెగిపోతుంది. అందుకే ఇలాంటి యంత్రాలు చాలావరకు కొంచెం గొంతుక్కూర్చున్నట్టు నడుస్తాయి. అలా వంగి నిలబడినంతసేపూ మోటారు కదలకుండానే కరెంటు తాగుతుంది, తాగిన కరెంటంతా వేడిగా మారుతుంది.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడ సింగ్‌నగర్‌లోని మా కింది వాటా మునిగిన తరువాత పనంతా మేడ మీది గదికి మార్చాం. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, అలాంటప్పుడు మేడ మీద రేకుల కింద ప్లాస్టిక్ ఏపాటి? మోకాలి మోటారును పట్టి ఉంచే ముక్కను మేం త్రీడీ ప్రింటరులో పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో తీశాం. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఒక మధ్యాహ్నం గంటసేపు నిలబెట్టి చూసేసరికి గుండ్రంగా ఉండాల్సిన బోల్టు రంధ్రం కోడిగుడ్డులా సాగింది, మోకాలు మెల్లగా పక్కకు ఒరిగింది, బొమ్మ కూలింది. కింద గదిలో కునుకు తీస్తున్న మా అమ్మ "మళ్లీ పడిందా నాయనా" అని కేకేసింది. జనవరి నుంచి మా పుస్తకంలో రాసుకున్న పడిపోవడాలు 26. ఆమె లెక్కలో 31. ఇప్పుడు ఆ ముక్కలన్నిటినీ అల్యూమినియంతో చేయించాం కనుక ఆ ఇబ్బంది తీరింది.

తీరనిది కీళ్లలోని ఆట. గేర్ల పళ్ల మధ్య ఉండే వదులునే మెకానిక్కులు ప్లే అంటారు. తుంటి కీలు తీసుకెళ్లి ఆటోనగర్‌లో మాకు షాఫ్టులు తిప్పిపెట్టే లేతు మేస్త్రికి చూపిస్తే, ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఒకసారి ఆడించి, "కింగ్‌పిన్ అరిగిన లారీ ఇది. స్టీరింగు నువ్వెంత బాగా తిప్పితే మాత్రం ఏం లాభం అబ్బాయ్?" అన్నారు. కింగ్‌పిన్ అంటే లారీ ముందు చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన కడ్డీ. మాకు దొరికిన గేర్‌బాక్సులలో ఒక డిగ్రీ వదులు ఉంది. తుంటి దగ్గర ఒక డిగ్రీ అంటే, 80 సెంటీమీటర్ల కాలి చివర పాదం దాదాపు 1.4 సెంటీమీటర్లు తప్పుతుంది. ఒక కాలికి తుంటిలో మూడు, మోకాలిలో ఒకటి, చీలమండలో రెండు కీళ్లు. ఆరింటి తప్పూ కలిసి పాదంలో తేలుతుంది. ఆట లేని గేర్లు ఉన్నాయి, కానీ పన్నెండు కీళ్లకూ అవే వేస్తే మీకు మేం చెప్పిన ధర గేర్లకే చాలదు.

ఆ కాస్త తప్పు ఎందుకంత ప్రమాదమంటే, నిలబడిన బొమ్మ అరచేతిలో నిలబెట్టిన కర్ర లాంటిది. భారకేంద్రం 90 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న బొమ్మ ఒక్క సెంటీమీటరు ముందుకు వాలిందనుకోండి. దాన్ని ఎవరూ సరిదిద్దకపోతే ఆ వాలు ఒక సెకను గడిచేసరికి 13 సెంటీమీటర్లు దాటుతుంది. మా బొమ్మ పాదం మొత్తం పొడవే 24. అందుకని అరికాళ్లలో కిరాణా కొట్టు కాటాలలో ఉండే, బరువును కొలిచే లోడ్ సెల్లులు నాలుగేసి పెట్టి, బరువు పాదంలో ఏ మూలకు జరుగుతోందో కంట్రోలరుకు తెలిసేలా చేశాం. గచ్చు మీద ఇది బాగా పనిచేస్తోంది, తాడు లేకుండా అయిదు అడుగుల దాకా వచ్చాం. మండపంలో మాత్రం గచ్చు మీద ఎర్ర తివాచీ ఉంటుంది, దాని కింద చెక్క బల్లల అతుకులు ఉంటాయి. మడత పెట్టిన తివాచీ మీద మేం మూడుసార్లు ప్రయత్నించాం. మూడుసార్లూ పడింది.

ఇవన్నీ డబ్బుతో, సమయంతో తీరే చిక్కులని వాదించవచ్చు. నన్ను నిజంగా ఆపింది వేరే సంగతి. చక్రాల బండి అదుపు తప్పితే ఎర్ర మీట నొక్కుతాం, ఆగుతుంది. రెండు కాళ్ల బొమ్మకు కరెంటు తీసేస్తే ఆగదు, కూలుతుంది. పెళ్లిలో దాని చుట్టూ మూగేది పిల్లలు. 46 కిలోల అల్యూమినియం ఏ వైపు పడుతుందో చెప్పలేని స్థితిలో దాన్ని అద్దెకు పంపడం నాకు చేతకాదు.

హోండా కంపెనీ 1986లో ఉత్త కాళ్లతో మొదలుపెట్టి, పదేళ్ల తరువాత 1996లో పీ2 అనే నడిచే రోబోను లోకానికి చూపింది. దాని ఎత్తు 182 సెంటీమీటర్లు, బరువు 210 కిలోలు. మరుసటి ఏడాది వచ్చిన పీ3 కూడా 130 కిలోలు ఉంది. చైనా బొమ్మలు గెంతుతున్నాయి కదా అంటూ మీలో ఇద్దరు వీడియోలు పంపారు. యూనిట్రీ కంపెనీ 2024లో 16,000 డాలర్ల ధరతో ప్రకటించిన జీ1 అనే రోబో నిజంగానే నడుస్తుంది. దాని ఎత్తు సుమారు 1.3 మీటర్లు, అంటే ఎదిగే పిల్లవాడంత, బరువు 35 కిలోలు. కీళ్ల మోటార్లను ఆ కంపెనీ తానే తయారు చేసుకుంటుంది. మేం వైపరు మోటార్ల దగ్గర బయలుదేరిన వాళ్లం.

ఇక మీ డబ్బు సంగతి. అడ్వాన్సుల మొత్తం 1,75,000 రూపాయలు మోటార్లకు, గేర్‌బాక్సులకు ఖర్చయిపోయాయి. అవి బ్యాంకులో లేవు. అడ్వాన్సు వెనక్కి కావాలనుకునే వారికి సగం ఈ ఆషాఢం వెళ్లేలోపు, మిగతా సగం వినాయక చవితి పందిళ్ల సొమ్ము రాగానే ఇస్తాం. ఆ మేరకు చేతిరాతతో రసీదు కూడా ఇస్తాం. బొమ్మే కావాలనుకునే వారికి ఇదే పై శరీరాన్ని, పొణికి తలతో సహా, పరికిణీ కింద నాలుగు చక్రాల పీఠం మీద నిలబెట్టి ఇస్తాం. అది నడవదు, జరుగుతుంది. ప్రకటనలో కూడా నడిచే బొమ్మ అనే మాట వాడం, మీరూ వాడవద్దని మనవి. ధరలో కాళ్ల ఖర్చు తగ్గించి 40,000 తక్కువగా లెక్క కడతాం. శ్రావణం ముహూర్తాలకు రెండు సిద్ధంగా ఉంటాయి, ముందు అడిగిన వారికి ముందు.

కాళ్ల పని ఆదివారాలు మా సొంత ఖర్చుతో సాగుతుంది. చూడాలనుకునే వారు సాయంత్రం అయిదు దాటాక మేడ మీదికి రావచ్చు. తాడు ఉన్నప్పుడు ఉందని చెబుతాం, కాటా కూడా దానికే వేలాడుతుంటుంది, మీరే ముల్లు చూసుకోవచ్చు. నేల మీద చుట్టూ రెండు మీటర్ల దూరాన పసుపు రంగు గీత గీశాం. బొమ్మ ఎత్తు 163 సెంటీమీటర్లు కనుక పిల్లలను దయచేసి ఆ గీతకు ఇవతలే నిలబెట్టండి.