కచేరీ టేపులు శ్రుతి తప్పకుండా రావాలి

సంపాదకుడికి,

రవీంద్రభారతి, త్యాగరాయ గానసభ తరం శ్రోతలు ఏళ్ల తరబడి ఎదురుచూసిన పాత కర్ణాటక సంగీత కచేరీల టేపులు ఇప్పుడు ఒక్కొక్కటే డిజిటల్‌లో బయటికొస్తున్నాయి. ఆ సంబరం ఇంతా అంతా కాదు. 78 ఆర్పీఎం రికార్డు ఒక పక్కకు మూడున్నర నిమిషాలు, ఎల్పీ అయినా పాతిక నిమిషాల లోపే. నెరవు (ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడటం), పల్లవి, తని ఆవర్తనం (మృదంగం వంటి లయవాద్యాల విడి వాయింపు) తీరిగ్గా వినబడేది కచేరీ టేపులోనే. వోలేటి వెంకటేశ్వర్లు గారి వంటి విద్వాంసుల్ని ఈ తరం వింటున్నది ఎక్కువగా రేడియో, కచేరీ రికార్డింగుల్లోనే కదా!

అయితే విడుదలచేసేవారు ముందు వేగం చూసుకోవాలి. స్పూల్, అంటే టేపు చుట్ట, ఆరు శాతం జోరుగా తిరిగితే ఒకటో శ్రుతిలో పాడింది ఒకటిన్నరకు, అంటే అర మెట్టు పైకి, ఎక్కుతుంది, గంభీరమైన గొంతు పీలగా మారుతుంది. టేపులో సన్నగా వినిపించే కరెంటు హమ్ మన దేశంలో 50 హెర్ట్జ్. అది 53 దగ్గర కనబడిందంటే వేగం తప్పినట్టే. అప్పట్లో కరెంటు ఫ్రీక్వెన్సీ కూడా కాస్త ఊగేది కాబట్టి, విద్వాంసుడు మామూలుగా పాడే శ్రుతితోనూ సరిచూడాలి.

టేపును చదివే ప్లేబ్యాక్ హెడ్ కోణం, అంటే అజిముత్, ప్రతి టేపుకూ విడిగా సరిచేయాలి. లేకుంటే వయొలిన్ పదును, మృదంగం చాపు దెబ్బ మొద్దుబారతాయి, తర్వాత ఎంత ట్రెబుల్ పెంచినా పూర్తిగా తిరిగిరావు. డిజిటల్‌లోకి మార్చేటప్పుడు 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో అనే మేలైన నాణ్యతలో దాచినా గంట కచేరీకి ఒక జీబీకి కొంచెం పైన పడుతుంది. ఈ రోజుల్లో అదేం బరువని అసలు ప్రతిని కూడా, కుదింపులో వివరం కొంత పోయే ఎంపీ3లోనే దాస్తున్నారు?

నాయిస్ రిడక్షన్ జోలికి వీలైనంత తక్కువగా వెళ్లాలి. తంబూరా మోగుతున్న చోట రొద నమూనా తీసుకుంటే సాఫ్ట్‌వేర్ శ్రుతినే రొదగా లెక్కగట్టి చెరిపేస్తుంది. కాస్త బుస ఉన్నా వినగలం, శ్రుతి లేని పాట వినలేం.

ఇళ్లల్లో అటకల మీద స్పూళ్లున్నవారు వెంటనే మిషన్ ఎక్కించొద్దు. చుట్టను వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. వెలుతురు లోపలికి దిగితే అది ఎసిటేట్, వెనిగర్ వాసన వస్తుంటే చెడటం మొదలైనట్టు. దాన్ని వేడి చేయనేకూడదు. 1970, 80ల నాటి కొన్ని పాలిస్టర్ టేపుల్లో జిగురు పొర తేమ పీల్చి హెడ్‌కు అంటుకుంటుంది, కీచుమంటుంది. వాటిని ఇంక్యుబేటర్‌లో 50–54 డిగ్రీల దగ్గర కనీసం 8 గంటలు ఉంచి, కొద్ది వారాల్లోపే ఎక్కించుకోవాలి. వంటింటి ఓవెన్ ఇందుకు పనికిరాదు, వేడి నిలకడగా ఉండదు.

డబ్బాలోని చీటీ కూడా ఫోటో తీసి ఉంచండి. పక్కవాద్యాల వారి పేర్లు చాలాసార్లు దాని మీదే ఉంటాయి. విడుదలకు ముందు గాయకుడి వారసుల్నే కాదు, వారినీ అడగాలి.

చివరగా, తని ఆవర్తనం కత్తిరించకండి. నిడివి ఎక్కువైందనుకుంటే రెండు భాగాలుగా పెట్టండి, వింటాం.

– ఒక శ్రోత, చిక్కడపల్లి, హైదరాబాద్