తాజా కలమన్సీ ఇక తెప్పించడం లేదు

ఈ నెల నుంచి మన జెర్సీ సిటీ కొట్టులో తాజా కలమన్సీ కాయలు ఉండవు. వాటి బదులు ఫ్రీజర్‌లో రసం పొట్లాలు పెట్టాం. ఫిలిప్పీన్స్‌లోని డావావోలో వైద్యం చదివి ఇక్కడికి వచ్చిన మన పిల్లలూ, వారితో ఆసుపత్రుల్లో పనిచేసే ఫిలిపినో నర్సులూ ప్రతి వారం అడిగే సరుకు ఇది. అందుకే కారణం దాచకుండా చెబుతున్నాను.

కలమన్సీ చూడనివారికి ఒక మాట: గోళీకంటే కాస్త పెద్ద కాయ, పైన పచ్చగా, లోపల నారింజ రంగులో ఉంటుంది. నిమ్మ పులుపు, కమలా వాసన రెండూ ఉంటాయి. పన్సిత్ నూడుల్స్‌కూ, పంది మాంసం తరిగి వేయించే సిసిగ్‌కూ పక్కన ఇది పెట్టకపోతే ఫిలిపినో ఇళ్లలో వడ్డన పూర్తికాదు. సోయా సాస్‌లో పిండితే తోయోమన్సీ. బిస్తెక్ వండాలంటే గొడ్డుమాంసాన్ని ఆ రెండింటిలోనే నానబెడతారు.

ఇక అసలు చిక్కు. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులు ఫ్లోరిడాలో 2005లో, కాలిఫోర్నియాలో 2012లో బయటపడింది. దానికి మందు లేదు. దాన్ని మోసుకెళ్లే చిన్న పురుగు కరివేపాకు చెట్టు మీద కూడా బతుకుతుంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు మీ సంచిలోని పచ్చి కరివేపాకును విమానాశ్రయంలో తీసేసుకునేది ఆ భయంతోనే! ఫిలిప్పీన్స్ నుంచి నాలుగు కలమన్సీలు తెస్తామనే మిత్రులకూ అదే జవాబు: తేవద్దు.

అమెరికాలోనే పండిన కాయలకూ తనిఖీలు, ఆంక్షలు ఉన్నాయి. తోటలు చిన్నవి, కోత చేతిపని. తొక్క పలచన కాబట్టి దారిలోనే వాడిపోతుంది. నాకు చేరిన పెట్టెలో పారేయాల్సినవి పోను, పౌండుకు 15 డాలర్లు పెట్టినా నాకు మిగిలేదేమీ లేదు. అంతకుమించి అడగడానికి నాకే మొహం చెల్లలేదు.

ఫ్రీజర్‌లోని పొట్లాల్లో ఉన్నది రసమే, చక్కెర లేదు. సీసాల్లో వచ్చేది చాలావరకు తీపి పానీయం. దాహానికి బాగుంటుంది, కూరలో పోస్తే కూర పాడవుతుంది. అది నేను తెప్పించను. పొట్లం కరిగాక మళ్లీ గడ్డకట్టించకండి. పొయ్యి కట్టేశాక చివర్లో పోయండి, ఉడికితే వాసన పోతుంది. తాజా కాయకు ఇది సాటి కాదు, ముఖ్యంగా తొక్క నుంచి వచ్చే ఆ ఘాటు ఇందులో రాదు. పొట్లం కూడా దొరకని రోజున రెండు పాళ్లు పచ్చ నిమ్మరసానికి ఒక పాలు కమలా రసం కలపండి. పసుపు లెమన్ మాత్రం నా నాలుకకు ఎప్పుడూ ఆనలేదు.

గుడ్లు, పాలతో చేసే లెచె ఫ్లాన్ అనే తీపి వంటకంలో తొక్క తురిమి వేసే దయాప్ కాయ గురించి అడిగేవారికి శుభవార్త. మెక్సికన్ సరుకుల అరలో కీ లైమ్ పేరుతో సంచుల్లో ఉన్నది అదే. మన ఊరి నిమ్మకాయా అదే.

కలమన్సీ కుండీల్లో బాగా కాస్తుంది, చలికాలంలో ఎండ తగిలే కిటికీ దగ్గర లోపల పెట్టుకోవాలి. మొక్క కావాలంటే అనుమతి ఉన్న నర్సరీలోనే కొనండి, మేము మొక్కలు అమ్మం. రసం పొట్లాలు ఎక్కువ కావలసినవారు గురువారంలోగా ఫోను చేస్తే శనివారానికి విడిగా తీసిపెడతాం.